ఫోన్‌లో సరే అన్నదెవరు

“సరే అన్నదెవులమ్మా?”

ఆవిడ ఆ మాట అడిగిన క్షణంలోనే నాకు మొదటిసారి భయం వేసింది. అరిచి అడగలేదు. బిల్లు కాగితాన్ని నా బల్ల మీద మెల్లగా పెట్టి, అరచేతిని చీరకొంగుకు తుడుచుకుని, నా ముఖంలోకి చూస్తూ అడిగింది. అంతకుముందు ఎంతోమంది కస్టమర్లకు చెప్పిన మాటే ఆవిడకూ చెప్పాను. మీరిచ్చిన నంబరుకు ఫోన్ చేశామండీ, సరే అన్నారు, అందుకే పని చేశాం అని. ఆ మాట విన్నవాళ్ళు గొణుగుతారు, బేరమాడతారు, ఓనరుని పిలవమంటారు. సరే అన్నదెవరని మాత్రం అంతవరకూ ఎవరూ అడగలేదు. ఫోన్ ఎత్తినవాళ్ళను మేమూ అడిగేవాళ్ళం కాదు.

అప్పట్లో నేను గాజువాక వెళ్ళే రోడ్డు మీద ఒక కార్ల వర్క్‌షాపులో ముందు గదిలో కూర్చునేదాన్ని. పెద్ద షోరూమేమీ కాదు. రేకుల షెడ్డు, ఆరేడుగురు పనివాళ్ళు, వాళ్ళమీద ఒక హెడ్ మేస్త్రీ, ముందు నాకో బల్ల, దానిమీద ఫోను. మేస్త్రీ బండి చూసి చెప్పింది ఎస్టిమేటుగా రాయడం, విప్పాక ఇంకేదైనా బయటపడితే బండివాళ్ళకు ఫోన్ చేయడం, ఆఖర్న బిల్లు ఇవ్వడం నా పని. డిగ్రీ చదివానని అందరూ మేడమ్ అనేవారు. అప్పటికి మా పెద్దవాడికి ఆరేళ్ళు, చిన్నదానికి మూడు. మా ఆయనది పోర్టులో కాంట్రాక్టు పని. ఓడ వస్తే పని, లేకపోతే లేదు. నెల తిరిగేసరికి ఖాయంగా ఇంటికొచ్చేది నా జీతమే.

ఇప్పుడు నేను ఆ కుర్చీలో లేను. పిల్లలు పడుకున్నాక వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. మా వీధిలో అమ్మాయిలు కొందరు ఈ మధ్య డిగ్రీ అయిపోగానే ఇలాంటి ముందు గదుల్లో ఉద్యోగాలకు చేరారు. రోజంతా ఫోన్ దగ్గర కూర్చునే అలాంటివాళ్ళ కోసమే ఇది.

ఖర్చు ఎస్టిమేటు దాటడం మా ఊళ్ళో వింత కాదు. సముద్రపు గాలికి కారు పైకి నున్నగానే ఉంటుంది, అడుగున తుప్పు తినేస్తుంది. పైకెత్తి చూసేదాకా తెలియదు. “ఇది కారు కాదు మేడమ్, జంతిక. గట్టిగా పట్టుకుంటే ఇరిగిపోద్ది,” అనేవాడు మేస్త్రీ. అందుకని రోజుకు నాలుగు ఫోన్లయినా చేయాల్సి వచ్చేది. సెల్ ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. ఇంట్లో ఫోన్ లేనివాళ్ళు పక్కింటి నంబరో, వీధి చివర ఎస్టీడీ బూత్ నంబరో ఇచ్చేవారు. ఎవరు ఎత్తినా విషయం చెప్పేయడం, అవతల సరే అనగానే పని మొదలుపెట్టించడం, ఇదీ ఓనరు గారు నాకు మొదటి రోజే నేర్పిన పద్ధతి. “మనం చెప్పాం, వాళ్ళు విన్నారు. ఇంకేం కావాలమ్మాయ్?” అనేవారు. ఆయన చెడ్డ మనిషి కాదు. మా చిన్నదానికి టైఫాయిడ్ వస్తే జీతం కోయకుండా సెలవిచ్చిన మనిషి. అది మనసులో ఉండబట్టే తరవాత నాకు అంత కష్టమైంది.

బిల్లు నా బల్ల మీద పెట్టిన ఆవిడది జాలరిపేట. భర్త వేటకు వెళ్తాడు, ఆవిడ చేపలు అమ్ముతుంది. గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగీ తిరిగీ మోకాళ్ళు పోయాక, తమ్ముడితో కలిసి ఒక పాత అంబాసిడర్ కొంది. వెనక సీటు పీకేసి, చేపల బుట్టలూ ఐసూ పేర్చి, తమ్ముడు నడుపుతుంటే సబ్బవరం తీసుకెళ్ళి అమ్మేది. ఆ కారు మా షెడ్డులోకి వచ్చిన రోజు పనివాళ్ళంతా ముక్కులు మూసుకున్నారు.

“బావా, డిక్కీలో సొరసేపేటైనా ఉండిపోనాదేమో సూడు,” అన్నాడొకడు.

“ఉంటే మంచిదే బావా, మద్దేన్నం పులుసెట్టేద్దుము,” అన్నాడు ఇంకొకడు.

మేస్త్రీ స్టీరింగు పక్కన నాలుగు అగరొత్తులు గుచ్చి పని మొదలుపెట్టాడు. నేను ఎస్టిమేటు రాసింది క్లచ్చుకూ బ్రేకులకూ. విప్పాక చూస్తే గేర్‌బాక్సులో పళ్ళు అరిగిపోయి ఉన్నాయి. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు కారీ కారీ అడుగు రేకు చిల్లులు పడింది. ఆవిడిచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. ఎవరో మగమనిషి ఎత్తాడు. బండి ఫలానావాళ్ళదని చెప్పి, గేర్‌బాక్సు సామాను మార్చాలి, రేకు వెల్డింగు చేయాలి, ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది అన్నాను. కాసేపు అవతల గాలి హోరు తప్ప ఏమీ వినిపించలేదు. తరవాత “సరేనండి” అని పెట్టేశాడు. నేను లోపలికి తల తిప్పి “సరే అన్నారు మేస్త్రీ” అన్నాను. అంతే.

“మగవాళ్ళెవరో మాట్లాడారండీ,” అన్నాను ఆవిడతో.

“అది మా ఈది సివర బూతు నెంబరమ్మా. అక్కడ పదిమంది కూకుంటారు. దార్న పోయినోడు సరే అంటే నా గేరుబాక్సు మారిసేత్తారేటి?”

ఈలోగా ఓనరు గారు లోపల్నించి వచ్చారు. “చూడమ్మా, కొత్త సామాను వేశాం. పని గట్టిగా చేశాం. డబ్బు కట్టి బండి తీసుకెళ్ళు.”

“మీరు రాసిచ్చిన ఎస్టిమేటు డబ్బులు తెచ్చేను బాబూ. అయి తీసుకుని బండిచ్చేయండి. మిగతాదానికి నన్నడగనేదు కదా.”

ఆయన ఎస్టిమేటు కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం మీద వేలు పెట్టి చదివారు. అవసరాన్ని బట్టి ఖర్చు మారవచ్చును అని. “మొత్తం కట్టేదాకా బండి కదలదు.”

“కదల్దా?”

“కదలదు.”

“అయితే నానూ కదల్ను,” అంది ఆవిడ.

కోపంలో అన్న మాట అనుకున్నాం. మర్నాడు పొద్దున నేను బస్సు దిగేసరికి మా గేటు పక్కన పీట వేసుకుని, ముందు చేపల బుట్ట, తక్కెడ, కత్తిపీట పెట్టుకుని కూర్చుని ఉంది. “బండి ఇక్కడుంటే నా బేరమూ ఇక్కడే. సబ్బవరం నడిసెల్లమంటావేటి?” అంది నన్ను చూసి.

గేటు మాదే గాని గేటు బయట రోడ్డు మాది కాదు. ఓనరు గారు ఏమీ చేయలేకపోయారు. స్టీల్ ప్లాంటు షిఫ్టు దిగినవాళ్ళు బస్సులోంచి చూసి దిగి మరీ కొనుక్కుపోయేవారు. కార్లు తెచ్చినవాళ్ళు ముక్కు చిట్లించుకుంటూ లోపలికొచ్చి, వెళ్ళేటప్పుడు కవళ్ళ చేపలు తూయించుకునేవారు. బండి విషయం అడిగినవాళ్ళకు అడిగినట్టు మొదట్నించీ చెప్పేది. మా పనివాళ్ళు కూడా ఓనరు చూడకుండా వెనక గోడ మీంచి బేరాలాడేవారు. మూడో రోజో నాలుగో రోజో ఓనరు గారి భార్యే ఫోన్ చేసి, గేటు దగ్గర వంజరం బాగుందట, తీసుకురండి అంది. ఆయన గేటు దాకా వెళ్ళి ఎటో చూస్తూ రేటు అడిగారు.

ఆవిడ చెప్పి, వెంటనే అంది: “ఇది ఎస్టిమేటు మాత్రమే బాబూ. కోసినాక లోపల గుడ్లుంటే ఎక్కువవుద్ది. మీ ఇంటి పక్కోల్లకి ఫోన్ సేసి సెప్పేత్తాన్లెండి.”

షెడ్డులో స్పానర్లు ఆగిపోయాయి. మేస్త్రీ కారు కిందికి దూరి నవ్వుకున్నాడు. ఆయన వంజరం కొనకుండానే వచ్చేశారు.

నాకు నవ్వు రాలేదు. ఆవిడకు మంచినీళ్ళు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు అసలు మాట చెప్పింది. “సబ్బవరంలో నాను కూకునే జాగాలో ఎవులో కూకున్నారంట సెల్లీ. జనం ఆల్లకి అలవాటైపోనారంటే ఇంక నాకక్కడ పనేటుంది? మళ్ళీ గంపెత్తుకోవాల. ఈ మోకాల్లతో ఎక్కడెత్తుతాను?” బుట్టలో ఐసు సర్దుతూ ఇంకోటి కూడా చెప్పింది. తన దగ్గర చేపలు కొనే ఒక టీచరమ్మ, వినియోగదారుల ఫోరంలో కేసు వేయమందట. వకీలు కూడా అక్కర్లేదట, మన మాట మనం చెప్పుకోవచ్చట. “సోమారం దాకా సూత్తాను. మంగలారం ఎల్తాను. నిన్నూ పిలుత్తారంట, ఫోన్ సేసింది నువ్వు కదా.”

ఈ మాట ఓనరు గారికీ చేరింది. శనివారం సాయంత్రం నన్ను పిలిచారు. “సోమవారం మన వకీలు గారు వస్తారు. ఎవరితో మాట్లాడావని అడుగుతారు. వాళ్ళింటి మగవాళ్ళే ఒప్పుకున్నారని చెప్పు. నువ్వనుకున్నదీ అదే కదా?” అని ఆగి, “ఈ షెడ్డు మీద బ్యాంకు అప్పుందని నీకు తెలుసు,” అన్నారు. బెదిరించలేదు. బెదిరించి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆదివారం చర్చి అయ్యాక పిల్లల్ని మా అత్తగారి దగ్గర వదిలి, మా ఆయన్ని జాలరిపేట తీసుకెళ్ళమన్నాను.

“వెళ్ళి తెలుసుకుని ఏం చేస్తావ్? తెలియకపోతే తెలీదనైనా చెప్పొచ్చు,” అన్నాడు స్కూటర్ స్టార్ట్ చేస్తూ. అతను అన్నదాంట్లో తెలివుంది. కానీ నా ఆశ వేరు. ఆ గొంతు నిజంగానే వాళ్ళింటి మనిషిది అయి ఉంటే బాగుండునని నా ఆశ. ఆవిడ మరిదో, బావగారో, ఎవరో ఒకరు. అప్పుడు ఓనరు గారు చెప్పమన్న మాట నిజమే అయిపోతుంది, నా ఉద్యోగమూ ఉంటుంది. దారిపొడవునా అదే ప్రార్థన చేసుకున్నాను.

బూత్‌లో యాభై ఏళ్ళాయన కూర్చుని ఉన్నాడు. వర్క్‌షాపు నుంచి వచ్చానని చెప్పగానే, నేను అడగక ముందే ఆయన నోరు తెరిచాడు. గొంతు గుర్తుపట్టాను.

“నానే ఎత్తేను. సరే అన్నాను,” అన్నాడు.

“మరి ఆవిడకు చెప్పలేదేం?”

ఆయన సముద్రం వైపు చూశాడు. “ఆ రోజు గాలి తోలేసింది కదమ్మా. వేటకెల్లిన తెప్పలు సగం రానేదు. ఈవిడ పెనిమిటీ రానేదు. పొద్దున్నుంచి నోట్లో సుక్క నీల్లెట్టకుండా ఇసకలో కూకుంది. అలాటి మనిసి దగ్గిరకెల్లి నీ కారు గేరుబాక్సు పోనాదే అని సెప్తానేటి? మీకేమో ఏదోటి సెప్పాల. సరే అన్నాను.”

“తరవాతైనా…”

“సీకటడ్డాక తెప్పలొచ్చేసేయి. ఇంక ఈదంతా సంబరం. ఆ సంబరంలో మర్సిపోనాను. తప్పే.” నా వైపు తిరిగి, “నా మూలాన ఆవిడ బండి ఆగిపోనాదా?” అన్నాడు.

ఆయన తప్పు చేశాడని నాకు ఎంత అనుకున్నా అనిపించలేదు. మా ఆయన ఇంటి ముందు స్కూటర్ ఆపి, “తెలీదు అని ఇంక చెప్పలేవు కదా,” అన్నాడు. చెప్పలేను.

సోమవారం వకీలు గారు వచ్చారు. ఓనరు గారి గదిలో ఆయన, ఓనరు, మేస్త్రీ, నేను. కిటికీలోంచి గేటు దగ్గర ఆవిడ చేపలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. వకీలు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగారు: “ఫోన్‌లో ఒప్పుకున్నది ఎవరమ్మా?”

నేను ఓనరు గారి వైపు చూడలేదు. చూస్తే మాట మారేదేమో. “బూత్ నడిపే ఆయనండి. ఆవిడకు ఏమీ కాడు. ఆవిడకు ఆయన చెప్పలేదు కూడా. నిన్న వెళ్ళి అడిగాను.” గాలి తోలిన రోజు సంగతీ చెప్పాను.

ఓనరు గారు కుర్చీలో వెనక్కి వాలారు. “నంబరిచ్చింది ఆవిడే కదండీ. ఎత్తినవాడు చెప్పకపోతే మా తప్పా?”

“నంబరిచ్చింది కబురు అందించమని. ఖర్చు ఒప్పుకునే అధికారం బూత్‌వాడికి ఇవ్వలేదు కదా,” అన్నారు వకీలు గారు.

“ఖర్చు మారవచ్చునని కాగితం మీద రాసే ఉంది.”

“మారవచ్చు. ఆవిడను అడిగి మారవచ్చు. వద్దంటే ఆపేయాలి. సరే, ఆ సామాను నిజంగానే పాడైపోయిందని ఫోరంలో చూపించాలి. తీసిన పాత సామానేది?”

ఇక్కడ మా షెడ్డు ఆచారం ఒకటి చెప్పాలి. బండ్లలోంచి తీసిన పాత సామాను ఒక మూల పోగు పడేది. ప్రతి శనివారం పాత ఇనుము కొనేవాడు వచ్చి తూచుకుపోయేవాడు. ఆ డబ్బుతో పనివాళ్ళంతా బిర్యానీ తినేవారు. ఓనరు గారికి తెలుసు, ఎప్పుడూ కాదనలేదు. అది బండివాళ్ళ సొత్తు అన్న ఆలోచన అక్కడ ఎవరికీ రాలేదు.

మేస్త్రీ తన చెప్పుల వైపు చూసుకుంటూ అన్నాడు: “సెనివారం తినేసేం సార్.”

“ఏం తినేశారు?”

“గేర్‌బాక్సు సార్.”

వకీలు గారికి అర్థమయ్యేలా ఓనరు గారు విడమర్చి చెప్పాల్సి వచ్చింది. ఆయన నవ్వాపుకోలేక రుమాలు తీశారు. తరవాత ఫైలు మూసేశారు. “అడగకుండా పని చేశారు. తీసిన సామాను చూపించలేరు, పోనీ తిరిగి బిగించి ఇద్దామన్నా లేదు. ఒప్పుకున్న డబ్బు ఇస్తానంటున్న మనిషి బండి ఆపి పెట్టారు. ఫోరందాకా వెళ్తే ఆవిడ పోగొట్టుకున్న బేరం కూడా మీ నెత్తినే పడుతుంది. మిత్రుడిగా చెప్తున్నాను, ఇవాళే తాళాలు ఇచ్చేయండి.”

ఓనరు గారు సొరుగులోంచి బండి తాళాలు తీశారు. తరవాత లేచి, తాళాలు ఆయనే పట్టుకుని గేటు దాకా వెళ్ళారు. నేను వెనకాలే వెళ్ళాను. ఆవిడ చేతులు కడుక్కుని, ఎస్టిమేటు డబ్బు ఇచ్చి, కారు దగ్గరికి వచ్చింది. గొంతుకు కూర్చుని అడుగు రేకును వేళ్ళతో తట్టి చూసింది.

“పని బాగుంది బాబూ. నన్నడిగుంటే రేకు పని సేయించుకుందును. గేరుబాక్సు మాత్రం వచ్చే ఏడు దాకా లాగుదును. అది నా ఇట్టం కదా,” అంది. “రేకు డబ్బులు ఇచ్చేత్తాను, మూడు నెల్లు టైమియ్యండి.”

ఓనరు గారు తలూపారు. తమ్ముడు కారు స్టార్ట్ చేశాడు. ఆవిడ ముందు సీట్లో బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, నా వైపు చూసి, “బేగి ఇంటికెల్లు సెల్లీ, మొకం పీక్కుపోనాది,” అంది. సబ్బవరంలో ఆవిడ జాగా ఆవిడకు దక్కింది. మేస్త్రీ ఒకసారి అటు వెళ్ళి చూసొచ్చి చెప్పాడు.

సాయంత్రం ఓనరు గారు పిలిచారు. ఇంక అయిపోయింది అనుకుని టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని మరీ వెళ్ళాను.

“బూత్‌కి వెళ్ళమని నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు సార్.”

“నువ్వు వెళ్ళకపోయినా ఆ బూత్‌వాడు ఫోరంలో నిలబడి ఇదే చెప్పేవాడు. అప్పుడు నా పక్కన నువ్వూ అబద్ధం చెప్పి నిలబడి ఉండేదానివి.” టేబుల్ మీది ఎస్టిమేటు పుస్తకం నా వైపు తోశారు. “రేపట్నించి బండి ఎవరిదో వాళ్ళ గొంతు వినేదాకా పని మొదలెట్టొద్దని మేస్త్రీకి చెప్పు. తీసిన సామాను గోనెసంచిలో కట్టి బండివాళ్ళకే ఇచ్చేయాలి. నా మాటగా చెప్పు.”

చెప్పాను. గోనెసంచి మాట వినగానే షెడ్డంతా గొల్లుమంది. “మీరు నిజం సెప్పేరు, మా బిర్యానీ పోనాది మేడమ్,” అన్నాడొకడు. చాలా శనివారాలు నన్ను చూసినప్పుడల్లా కడుపు తడుముకునేవాళ్ళు. ఆ నవ్వుల మధ్యే ఆ తరవాత రెండేళ్ళు అక్కడ పనిచేశాను. కొత్తగా చేరే అమ్మాయిలకు చెప్పేది ఇదొక్కటే: ఎవరు మాట్లాడుతున్నారో ముందు అడగండి. సరే అన్న మనిషి ఏ బాధలో అన్నాడో, ఎవరి తరఫున అన్నాడో ఫోన్ తీగలోంచి కనపడదు.

ఆ బండి గొడవ నడిచిన వారమంతా నేను ఇంట్లో పిల్లల మీద అయినదానికీ కానిదానికీ అరిచాను. తాళాలు ఇచ్చేసిన మర్నాడు పొద్దున జడ వేస్తుంటే చిన్నది కదలకుండా బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. పెద్దవాడు బూట్లు తొడుక్కుంటూ, “నీ ఉద్యోగం పోయిందా అమ్మా?” అన్నాడు. మా మాటలు విన్నాడన్నమాట. పోలేదని చెప్పాను. ఒకావిడ కారు బాగుచేశాం, కానీ ఆవిడను అడగకుండా చేశాం, లోపల తీసిన సామాను కూడా ఆవిడదే, అది మావాళ్ళు అమ్మేశారు, అదంతా ఉన్నదున్నట్టు చెప్పాను, అంతే అన్నాను.

వాడు లేసు కట్టడం ఆపి ఆలోచించాడు. “మరి మొన్న నా మూడు చక్రాల సైకిలు పాత ఇనుమువాడికి ఇచ్చేశావు కదా. నన్నడిగావా?”

“అడగలేదురా,” అన్నాను. “తప్పే. ఇకమీదట మీ వస్తువు ఏది తీసినా ముందు మిమ్మల్నే అడుగుతాను. మీరు వద్దంటే అది అక్కడే ఉంటుంది, నా కాళ్ళకు తగిలినా సరే.”